ఒక చెంబు నీళ్లు కాచడానికి తొమ్మిది నెలలు

దేవరకొండకు దగ్గరలో మాకు రెండెకరాల చెలక ఉంది. అందులో చాలా ఏళ్లుగా మోటారు కూడా పెట్టని పాత రాతిబావి ఒకటి ఉంది. ఆ బావి నీటిని నేను పేనిన తాడుతో చేది, నేను చేసిన కుండలో పోసి, అగ్గిపుల్ల గీయకుండా రాజేసిన మంట మీద కాచి తాగాలని కిందటి జూన్‌లో, మృగశిర కార్తె నాడు అనుకున్నాను. నల్లగొండలో వారానికి ఆరు రోజులు కుర్చీకి అతుక్కొని చేసే ఉద్యోగం నాది కనుక పని అంతా ఆదివారాల్లోనే సాగింది. కొన్ని ఆదివారాలు పెళ్లిళ్లకూ జ్వరాలకూ పోయాయి. మార్చి మూడో వారానికి గానీ ఆ చెంబుడు నీళ్లు కాగలేదు. నోటుబుక్కులో గిలికి పెట్టుకున్న కొలతలనూ పొరపాట్లనూ, ఇదే పని మొదలుపెట్టాలనుకునేవారికి అక్కరకు వస్తాయని, ఇక్కడ కొంచెం విప్పి రాస్తున్నాను.

అడవిలో ఒంటరిగా బతకడం నేర్పే వీడియోలు నేను రెండేళ్లపాటు చూశాను. చూసినంతసేపూ అంతా అర్థమైనట్టే ఉండేది కానీ, చెలకకు వెళ్లి నిలబడితే వాటిలో చూపిన చెట్టు ఒక్కటీ కనబడేది కాదు. మా గట్ల మీద ఉన్నవి తుమ్మ, వేప, తంగేడు, జిల్లేడు, ఈత, సీతాఫలం, బావి పక్కన ఒక ముసలి బూరుగు. వీటిలో నారకు ఏది పనికి వస్తుంది, నిప్పుకు ఏది పనికి వస్తుంది అన్న ప్రశ్నకు జవాబు ఏ వీడియోలోనూ దొరకలేదు, ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర దొరికింది.

ఇదంతా నల్లమలకు పోయి చేయవచ్చు కదా అని అడిగినవారున్నారు. మాకు డిండి దాటితే నల్లమల దగ్గరే, నిజమే. కానీ నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో సుమారు 2,600 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో నిప్పు రాజేయడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం. ఫిబ్రవరి నుంచి మే దాకా రాలిన ఆకులు మోకాలి లోతున పరుచుకొని ఉండే ఆ అడవిలో ఒక్క నిప్పురవ్వ ఎంత దూరం పోతుందో ఎవరూ చెప్పలేరు. అక్కడి చెంచులకు తీగెల తాళ్లతో కొండచరియల మీదికి దిగి తేనె తీయడం, గడ్డలు తవ్వడం తరతరాల బతుకుదెరువు. నా ఆదివారపు సరదాను దాని పక్కన నిలబెట్టడం నాకు నచ్చలేదు. అందుకే మా చెలకలోనే, దున్నిన నేల మీదనే, పక్కన ఒక బకెట్టు నీళ్లు పెట్టుకొని చేశాను.

జూన్ నుంచి అక్టోబరు దాకా: పుంటికూర

మా ఊళ్లో తాడు పేనడం వచ్చిన ఒక అవ్వ ఉంది, ఎనభై దాటిన మనిషి. వీడియోల్లో చూసి రోడ్డు పక్క నుంచి కోసుకొచ్చిన కిత్తలి మట్టలు ఆమెకు చూపించి, వీటి నుంచి నార ఎట్లా తీయాలని అడిగాను. "ఇంటి ముంగట పుంటికూర వెట్టుకొని గా ముండ్లల్ల చెయ్యి వెడ్తవా బిడ్డా?" అని ఆమె నవ్వింది. పప్పులో వేసుకునే పుంటికూరకూ గోగునారకూ ఉన్న చుట్టరికం నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆకు కోసం చివుళ్లు గిల్లుతూ ఉంటే మొక్క కొమ్మలు వేసి గుబురుగా మారుతుంది. గిల్లకుండా, ఒత్తుగా విత్తి వదిలేస్తే వెలుతురు కోసం ఒకదానితో ఒకటి పోటీపడి, కొమ్మ లేకుండా నిటారుగా సాగుతుంది. నారకు కావలసింది ఆ నిటారు కాడే.

గట్టు వెంట రెండు సాళ్లు విత్తాను. సాలుకూ సాలుకూ జానెడు, మొక్కకూ మొక్కకూ నాలుగు వేళ్ల ఎడం ఉంచాను. నిజమైన కష్టం కలుపు తీయడంలో రాలేదు, మా అమ్మ కూరకు తెంపకుండా కాపాడుకోవడంలో వచ్చింది. ఆమె కోసం చివరికి వేరే మడి చల్లవలసి వచ్చింది. సెప్టెంబరు ఆఖరుకు కాడలు నా తల దాటి ఏడడుగులకు చేరాయి. బతుకమ్మ పండుగ ముగిసిన వారంలో పూత కనబడగానే కోశాను. ఇక్కడ ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే కాయ ముదిరేదాకా ఉంచితే నార బిరుసెక్కి కట్టెను పట్టుకొని వదలదు. అరవై కాడలు కోసి, పదింటిని గింజ కోసం నిలబెట్టి ఉంచాను. ఇంకో ఎనిమిదింటిని నానబెట్టకుండా, పచ్చిగా ఉన్నప్పుడే బెరడు ఒలిచి, కొట్టంలో నిలువుగా ఆరబెట్టాను. ఆ ఎనిమిది కట్టెల మాట నిప్పు దగ్గర మళ్లీ వస్తుంది.

మిగతావాటిని ఆకులు దూసి, నాలుగు కట్టలుగా కట్టి నానవేశాను. కుంటలో వేయవద్దని అవ్వ ముందే హెచ్చరించింది. నార నానే నీటిలో కుళ్లు వల్ల ప్రాణవాయువు తగ్గిపోయి చేపలు చస్తాయి, పశువులు ఆ నీటిని ముట్టవు. అందుకని పశువుల కొట్టం వెనుక వాడకం లేని సిమెంటు తొట్టిలో నీళ్లు నింపాను. మొదలు లావుగా ఉంటుంది కనుక మొదటి మూడు రోజులు కట్టలను మొదళ్లు మునిగేలా నిలబెట్టి, తర్వాత పడుకోబెట్టి పైన రాళ్లు పెట్టాను. మట్టిపెళ్లలు పెడితే నార నల్లబడుతుందట. నీటిలోని సూక్ష్మజీవులు నారను కట్టెకు అతికించి ఉంచే జిగురును తినేయడమే ఇక్కడ జరిగే పని. అవి జిగురు తినేసిన తర్వాత కూడా ఊరుకోవు, నారనే తినడం మొదలుపెడతాయి.

తొమ్మిదో రోజు ఒక కట్ట తీసి చూస్తే నార పట్టీలుగా చీలింది గానీ, కట్టెకు పచ్చటి తొక్క అతుక్కొనే ఉంది. పదమూడో రోజు తీసిన రెండు కట్టలు సరిగ్గా కుదిరాయి. మొదలు దగ్గర బొటనవేలు దూర్చి లాగితే నార ఒక్క పట్టుగా, మేజోడు విడిచినట్టు, కొస దాకా జారి వచ్చింది. నాలుగో కట్టను బంధువుల పెళ్లికి పోయి మరిచాను. ఇరవయ్యో రోజుకు అది నానిన కాగితంలా చేతిలోనే తెగింది. వాసన గురించి ఇంకేమీ రాయను. పక్క చెలక ఆయన రెండుసార్లు వచ్చి ఏ జీవం చచ్చిందని అడిగి వెళ్లాడని మాత్రం చెబుతాను.

నవంబరు: తాడు

కడిగి ఆరవేసిన నార తూకం వేస్తే ఏడు వందల గ్రాముల చిల్లర తేలింది. తాడు పేనడంలో సూత్రం ఒక్కటే, అది చేతికి పట్టడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. రెండు పేటలనూ విడివిడిగా ఒక దిక్కుకు పురి పెట్టాలి, ఆ రెంటినీ ఒకదాని మీద ఒకటి రెండో దిక్కుకు చుట్టాలి. పేటలోని పురి విడిపోవాలని చూస్తుంది, చుట్టు కూడా విడిపోవాలని చూస్తుంది, రెండూ ఎదురెదురు దిక్కులు కనుక ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి. నేను రెంటినీ ఒకే దిక్కుకు తిప్పుతూ గంటసేపు కూర్చున్నాను. చేయి వదలగానే అంతా విడిపోయి మళ్లీ నార కుప్పే మిగిలింది. అవ్వ తన తొడ మీద నారను అరచేత్తో ముందుకు దొర్లించి, అదే చేయి వెనక్కి లాగుతూ రెండు పేటలనూ కలిపేసింది. ఆమెకు పిడికెడు తాడు పట్టే సమయంలో నాకు రెండు వేళ్ల తాడు అయ్యేది.

నా అనుభవంలో పనికొచ్చిన విషయాలు మూడు. నారను పేనేముందు చిటికెడు నీళ్లు చల్లి మెత్తబరచాలి, పొడి నార పురి నిలుపుకోదు. రెండు పేటలకూ ఒకే చోట కొత్త నార అతకకూడదు, ఒక అతుకుకూ ఇంకో అతుకుకూ కనీసం జానెడు దూరం ఉండాలి. నా మొదటి తాడు సరిగ్గా అట్లాంటి జంట అతుకు దగ్గరే తెగింది. పేట లావు మారకుండా చూసుకోవాలి, ఎందుకంటే సన్నపేట లావుపేట చుట్టూ తీగలా చుట్టుకుంటుందే తప్ప బరువు పంచుకోదు.

డిసెంబరు మొదటి వారానికి చిటికెన వేలి కంటే సన్నగా పద్దెనిమిది అడుగుల తాడు చేతికి వచ్చింది. గంటకు నాలుగు అడుగుల లెక్కన నాలుగున్నర గంటల పని. వేప కొమ్మకు కట్టి ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాను రాత్రంతా వేలాడదీశాను. తెగలేదు గానీ, తెల్లవారేసరికి నాలుగు వేళ్ల మేర సాగింది.

డిసెంబరు, జనవరి: నిప్పు

కట్టెను కట్టెతో మథించి నిప్పు పుట్టించడం మనకు కొత్త కాదు. యజ్ఞాల కోసం జమ్మి మీద మొలిచిన రావి కట్టెతో చేసే అరణి మథనం అదే. వడ్రంగులు కరెంటు మిషన్లు రాకముందు విల్లు తాడుతో తిప్పి చిల్లులు వేసిన బరమా కూడా అదే పని తీరు, కాకపోతే వడ్రంగి పొగ రాకూడదనుకుంటాడు. అందుకే తాడు కట్టిన విల్లు, ఆ తాడు చుట్టుకొని తిరిగే కదురు, కదురు కొస తిరిగే గుంట ఉన్న అడుగుపీట, కదురును పైన ఒత్తే రాయి అని పేర్లు పెట్టుకొని నేను మొదలుపెట్టాను.

అడుగుపీటకు బావి పక్క బూరుగు నుంచి విరిగి పడి ఎండిన కొమ్మను బొటనవేలంత మందాన చీల్చాను. కదురుకు, పచ్చిగా ఒలిచి ఆరబెట్టిన పుంటి కట్టెల మొదళ్లను జానెడు పొడవున కోశాను. నానబెట్టి నార తీసిన కట్టెలు తేలిగ్గా, తెల్లగా చూడ ముచ్చటగా ఉంటాయి గానీ, విల్లు లాగిన మొదటి ఊపుకే విరిగాయి. అంతకుముందు ఆముదం కట్టెతో ప్రయత్నించాను. లోపల బోలు కావడం వల్ల అంచు మాత్రమే అరిగి, పీట మీద ఉంగరం గీసి ఊరుకుంది.

డిసెంబరులో నాలుగు ఆదివారాలు వరుసగా ఓడిపోయాను. మొదటిసారి పొడి లేత గోధుమ రంగులో దూదిపింజల్లా వచ్చింది, అంటే ఒత్తిడి గానీ వేగం గానీ చాలలేదని అర్థం. రెండోసారి పీట అంచున కోసిన గాటు గుంట మధ్య దాకా చేరలేదు, పొడి అంతా చుట్టూ చెదిరి కుప్ప కట్టలేదు. ఆ గాటు గుండ్రటి గుంటలో ఎనిమిదో వంతు వెడల్పుతో, మొన గుంట నడిబొడ్డును తాకీతాకనట్టు ఉండాలి. మూడోసారి జరిగింది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పైన ఒత్తే రాయిలో కదురు జారడానికి ఆముదం రాస్తాము కదా, విల్లు తాడు జారి కదురు కింద పడితే తీసి మళ్లీ పెట్టేటప్పుడు తలకిందులుగా పెట్టాను. నూనె అంటిన కొస పీటలో పడి, గుంట నల్లగా అద్దంలా నునుపెక్కింది. అరగంట లాగినా ఒక్క పొగ తీగె లేవలేదు. ఆ రోజు నుంచి కదురు పై కొసకు కత్తితో రెండు గీతలు పెట్టుకుంటున్నాను. నాలుగోసారి అన్నీ సరిగ్గా ఉన్నాయి, తాడే తెగింది. నేను పేనిన రెండు పేటల తాడు ఆ రాపిడికి ఐదు నిమిషాలు కూడా నిలవలేదు. మూడు పేటలుగా పేనిన లావు తాడు నిలిచింది గానీ, దాన్ని పేనడానికి ఇంకో ఆదివారం పోయింది.

చలికాలపు మంచు కూడా శత్రువే. చెలకలో వదిలిన పీట తెల్లవారేసరికి తేమ పట్టి ఉంటుంది. అమ్మ కట్టెల పొయ్యి పైన ఉన్న అటక మీద పది రోజులు ఉంచిన తర్వాత అదే పీట వేరే కట్టెలా పనిచేసింది.

జనవరి రెండో ఆదివారం, సంక్రాంతి సెలవుల్లో, ఉదయం పది దాటాక ఎండ బాగా కాసినప్పుడు కూర్చున్నాను. మొదట నెమ్మదిగా, ఊపిరి నిలుపుకొని, విల్లు మొత్తం పొడవునా లాగాను. పొగ కనబడ్డాక వేగం పెంచి ఒత్తిడి పెంచాను. గాటులో చేరిన పొడి ముదురు గోధుమ రంగు దాటి నల్లబడింది. నలభై ఊపుల తర్వాత విల్లు ఆపి కదురు ఎత్తాను, పొగ ఆగలేదు. అసలు గుర్తు అదే. కదురు ఆగినా పొడి కుప్ప తనంతట తాను పొగలుతూ ఉందంటే, లోపల సుమారు 400 డిగ్రీల సెల్సియస్ వేడి చేరి పొడి అంటుకుందన్నమాట. తొందరపడకుండా చేత్తో విసురుతూ నిమిషం సేపు చూశాను. నల్లటి పొడి నడుమ కందిగింజంత ఎరుపు ఒకసారి కనబడి, మాయమై, మళ్లీ కనబడి, ఈసారి నిలిచింది. బావిలోకి వంగిన తుమ్మ కొమ్మ నుంచి రాలిపడిన పాత గిజిగాడి గూడును ముందే విప్పి, మధ్యలో కొబ్బరి పీచు నలిపి ఉంచాను. నిప్పుకణాన్ని అందులో ఒంపి, ముఖానికి ఎత్తుగా పట్టుకొని ఊదాను. దగ్గరగా పెట్టుకొని ఊదితే నోటి తడి తగులుతుంది, పొగ కళ్లలో పడుతుంది. ఏడెనిమిది ఊదులకు గూడంతా ఒక్కసారిగా భగ్గుమంది. నేను కేక వేశానని మా అమ్మ చెబుతుంది, నాకు గుర్తు లేదు.

ఆ తర్వాత పదకొండుసార్లు ప్రయత్నించి ఏడుసార్లు నిప్పు పుట్టించాను. విల్లు లేకుండా అరచేతుల మధ్య కదురు తిప్పే పద్ధతిలో మాత్రం ఇప్పటిదాకా పొగ, బొబ్బలు తప్ప ఏమీ రాలేదు.

దీనితో పోలిస్తే చెకుముకి చాలా సులువు. ఒకప్పుడు గొర్లకాపరులు చుట్ట ముట్టించుకోవడానికి వాడిన సరంజామా ఇది. మా ప్రాంతమంతా నల్లరాతి నేల కనుక మధ్య మధ్య తెల్లటి పలుగురాళ్లు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. పలుగురాయి పదునైన అంచుతో పాత ఆకురాయి (ఇనుము అరగదీసే ఉక్కు పనిముట్టు) ముక్కను గీకితే ఉక్కు సన్నటి రజనుగా లేచి గాలిలో మండుతుంది, రాయి ఉక్కు కంటే గట్టిది కావడమే దీనికి కారణం. ఆ రవ్వను పట్టుకోవడానికి మూత ఉన్న డబ్బాలో గాలి ఆడకుండా మాడ్చిన నూలుగుడ్డ కావాలి. మొదటి రోజే అయిదు నిమిషాల్లో అంటుకుంది. సులువు కనుకనే నా పందెంలో దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

జనవరి చివరి నుంచి మార్చి దాకా: కుండ

మొదట మా చెలక రేగడి మట్టితో చేశాను. నీడలో ఆరుతుండగానే నెర్రెలిచ్చింది. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, ఎండాకాలం చెలక ఎట్లా పగులుతుందో కుండా అట్లాగే పగిలింది. చెరువు కట్ట కింద బంకమట్టి తెచ్చి, జల్లించి, పాత కుండపెంకులు దంచిన పొడిని నాలుగో వంతు కలిపితే నిలిచింది. సారె వాడలేదు. మట్టిని వేలిలావు తాళ్లుగా చేసి, చుట్ట మీద చుట్ట పేర్చి, లోపల గుండ్రాయి పట్టుకొని బయట చెక్కతో తట్టాను. కృష్ణ పరీవాహకంలో దొరికే కొత్త రాతియుగపు బూడిద రంగు కుండలు కూడా సారె లేకుండా చేసినవే. ఆ తర్వాతి కాలపు, మనవాళ్లు రాకాసి గుళ్లు అని పిలిచే సమాధుల్లో దొరికేవి లోపల నలుపు, బయట ఎరుపు. బోర్లించి కాల్చడం వల్ల లోపలికి గాలి అందక నల్లబడిందని సాధారణంగా చెప్పే వివరణ. నా మూడో కుండను బోర్లించి కాలిస్తే లోపల నలుపు వచ్చింది, బయట మాత్రం ఎరుపు, బూడిద మచ్చలు కలిసి బర్రె మీద బురదలా ఉంది.

మొదటి రెండు కుండలూ కాల్పులో పేలాయి. ఎనిమిది రోజులు ఆరినవే, చేతికి పొడిగానే తగిలాయి. పిడకలు అంటుకున్న పావుగంటకు టపాకాయ పేలినట్టు శబ్దం వచ్చింది, అడుగు పళ్లెంలా విడిపోయింది. పక్క ఊరి కుమ్మరి తాతకు ఆ ముక్కలు చూపించాను. "ఎండింది అనుకున్నవు. తడి లోపల కూసున్నది. చెంపకు వెట్టి సూడు, సల్లగ తగిల్తె ఇంక ఆరలేదన్నట్టు" అన్నాడు. ఆ చెంప పరీక్ష నాకు ఏ కొలమానం కంటే ఎక్కువ పనికొచ్చింది. మూడో కుండను పదహారు రోజులు నీడలో, ఒక రోజు ఎండలో ఉంచి, చెంపకు వెచ్చగా తగిలాక, చుట్టూ దూరంగా మంట పెట్టి రెండు గంటలు కాచి, అప్పుడు గుంటలో పెట్టి పిడకలు, కంది కట్టె, పైన వరిగడ్డి, దాని మీద బూడిద కప్పాను. నిప్పు ఆరిన తర్వాత కూడా తెల్లవారేదాకా తీయలేదు. వేడి మీద గాలి తగిలితే చీలుతుంది. వేలితో కొడితే ఖంగుమంది. అదే మట్టితో కాల్చిన ఒక చిన్న బిళ్లను రాత్రంతా నీళ్లలో వేసి, కరగలేదని చూసుకొని గానీ కుండను నమ్మలేదు. చివరగా ఒక పూట గంజి కాచి, గంజితో చెమ్మ రంధ్రాలు పూడనిచ్చాను.

నీళ్లు

నల్లగొండలో నీళ్లు కాచడం గురించి రాస్తూ ఫ్లోరైడ్ మాట ఎత్తకుండా ఉండలేను. కాచడం వల్ల క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. ఇసుక, బొగ్గు పొరల వడపోత కూడా దానికి పనిచేయదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి దాన్ని తగ్గించే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అంటారు. అందుకే బోరు నీళ్లు కాక, వాన నీటితో ఊరే ఈ బావిని ఎంచుకున్నాను. అయినా ముందు ఒక సీసా నీటిని పరీక్షకు ఇచ్చి, లీటరుకు 1 మిల్లీగ్రాము లోపే ఉందని తేలాకే ముందుకు పోయాను. మీ బావి మీరు పరీక్ష చేయించుకోవలసిందే.

మార్చి మూడో ఆదివారం. నీటిమట్టం గట్టు నుంచి పద్నాలుగు అడుగుల లోతున ఉంది. చెంబు మాత్రం ఇంటిదే, ఇత్తడిది. దాన్ని నా తాడుకు కట్టి ఏడుసార్లు చేదితే ఒక మట్టి తొట్టి నిండింది. నీరు పాలిపోయిన రంగులో ఉంది. చిల్లగింజను రాతి మీద అరగదీసి ఆ గంధాన్ని కలిపి, గంటన్నర కదపకుండా ఉంచితే మన్ను అడుగుకు దిగింది. పైనీటిని గుడ్డలో వడగట్టాను. నిప్పు రెండో ప్రయత్నంలో వచ్చింది, మొదటి కణం గూడులో వేస్తుండగా కింద పడి ఆరిపోయింది. మూడు రాళ్ల మీద కుండ పెట్టి, మొదటి పది నిమిషాలు సన్నటి పుల్లలతో, తర్వాత కంది కట్టెతో మంట పెంచాను. కుండ అడుగున చెమట పట్టి చుయ్యిమంది, చీలుతుందేమోనని మాట రాక కూర్చున్నాను. ముప్పై ఎనిమిదో నిమిషానికి నీళ్లు తెర్లడం మొదలైంది. ఇంకో అయిదు నిమిషాలు తెర్లనిచ్చాను.

చెంబుడు పోస్తే ముప్పావు చెంబు మిగిలింది. పొగ వాసన, మట్టి వాసన, అడుగున ఎక్కడో గంజి రుచి. అమ్మ ఒక గుక్క తాగి, "గింత నీళ్లకు తొమ్మిది నెలలా?" అని, మిగిలినదాంట్లో చాయ్‌పత్త వేసింది.

కుండ అంచున ఇప్పుడు వెంట్రుకవాసి పగులు ఒకటి ఉంది, బియ్యం పోసుకోవడానికి తప్ప పొయ్యి మీదికి పనికిరాదు. గింజ కోసం వదిలిన పది కాడల నుంచి రెండు గిద్దెల విత్తనం వచ్చింది, బూడిద కలిపి సీసాలో పోసి అటక మీద పెట్టాను. ఈసారి నాలుగు సాళ్లు విత్తాలి, అమ్మ మడి కాకుండా.